ఒక్క కారు మీదే కురిసిన వాన

చీకటి పడ్డాక ఆ ఐసు ఫ్యాక్టరీ వెనక సందులో ఎవరూ నడవరు. వెళ్ళక తప్పకపోతే పరిగెడతారు.

ఫ్యాక్టరీ మూతపడి చాలా కాలమైంది. దాని వెనక ఒక కథ ఉంది. దిమ్మలు తేవడానికి మంచుగదిలోకి వెళ్ళిన పనివాణ్ణి చూసుకోకుండా, ఎవరో బయట గడియ పెట్టేశారట. రాత్రంతా తలుపు తట్టాడట పాపం. విన్నవాళ్ళు మంచు పగులుతున్న చప్పుడనుకున్నారట. అప్పట్నుంచీ రాత్రిపూట ఆ వెనక ఖాళీజాగాలోంచి... టక్... టక్... అని వినిపిస్తుందనీ, ఆ వెంటనే ఒక సన్నటి గొంతు "చలేస్తోంది... తలుపు తియ్యండి..." అంటుందనీ చెప్పుకుంటారు.

వింటే వెనక్కి తిరక్కూడదు. పలక్కూడదు. పలికారో — ఇక జన్మంతా వణుకే. మండుటెండలో కూడా దుప్పటి కప్పుకుని తిరగాల్సిందే.

"ఇంతకీ విన్నదెవరు?" అని అడిగితే మాత్రం ఒకాయన తన బావమరిదిని చూపిస్తాడు. బావమరిది పక్కింటాయన్ని చూపిస్తాడు. పక్కింటాయన ఎప్పుడో ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయి ఉంటాడు.

అలాంటి చోట ఒక కారు నిలబడి ఉండేది.

పాత కారు. చిన్నది. వెనక తలుపు పైకి ఎత్తితే డిక్కీ, వెనక సీటు అన్నీ ఒకే గదిలా కనిపించే రకం. ఒకప్పుడు ఆకాశం రంగు. ఇప్పుడు ఉతికి ఉతికి వెలిసిపోయిన చొక్కా రంగు. నెత్తిమీద "డ్రైవింగ్ నేర్పబడును" అని చిన్న బోర్డు. నేర్పే అమ్మాయిని వీధంతా టీచర్ అనే పిలిచేది. పక్కనే ఉన్న పెంకుటింట్లో మేనత్తతో ఉండేది. ఇంటి ముందు కారుకి చోటు లేదు. ఈ ఖాళీజాగా అయితే దెయ్యం పుణ్యమా అని ఎవరూ పోటీకి రారు.

చిక్కల్లా ఏమిటంటే, ఆ కారు లోపల ఎప్పుడూ తడే.

వాన పడి వెలిసి, వీధులన్నీ ఆరిపోయినా కారులో మాత్రం కాళ్ళ కింద పచ్చి ఆరదు. నేర్చుకోడానికి వచ్చినవాళ్ళు పొడి మేజోళ్ళతో ఎక్కి, తడి మేజోళ్ళతో దిగేవాళ్ళు. పొద్దున్నే చూస్తే అద్దాలకి లోపలివైపు ఆవిరి... ఆ ఆవిరి మీద వేళ్ళ గుర్తులు!

అన్నిటికన్నా ఘోరం బ్రేకు వేసినప్పుడు. వెనక ఎవరూ ఉండరు. కానీ బ్రేకు మీద కాలు పడగానే వెనక సీటు కింద నుంచి — గళ్... గళగళ... ఎవరో గొంతు నిండా దుఃఖం పెట్టుకుని వెక్కుతున్నట్టు. ఒక గుమాస్తా గారు అది విని, నడిరోడ్డు మీద కారు వదిలేసి పారిపోబోయాడు. సీటుబెల్టు తియ్యడం మర్చిపోయి, లేచినంత వేగంగా మళ్ళీ సీట్లోనే పడ్డాడు. దెయ్యమే వెనక్కి లాగిందని ఇప్పటికీ ఆయన వాదన.

మెకానిక్కు వచ్చి ముందు తలుపుల రబ్బర్లు మార్చాడు. తడి తగ్గలేదు. ముందు అద్దం చుట్టూ గమ్ము రాశాడు. తగ్గలేదు. చివరికి చేతులు తుడుచుకుని ఫ్యాక్టరీ గోడ వైపోసారి చూసి, "ఇది నా చేతుల్లో లేదమ్మా" అని వెళ్ళిపోయాడు.

అంతే, ఒక్కొక్కరే మానేశారు. మిగిలింది ఒక్కడు. తొట్లబ్బాయి.

అద్దాల కొట్లో చేపల తొట్లు కడతాడు కాబట్టి ఆ పేరు. మంచి పనివాడే కానీ పిరికివాడు. తొట్లో చేప తోక ఆడిస్తే ఉలిక్కిపడతాడు. అయినా ఆ తడి కారులో రోజూ వచ్చి కూర్చునేవాడు. ఎందుకంటే టీచర్ పక్కసీట్లో కూర్చుని, "మెల్లగా... మెల్లగా వదలండి" అంటుంది. ఆ మాట క్లచ్చు గురించే. కానీ అతనికి ఆ మాటతో పాటు రోడ్డు పక్క చెట్లు కూడా మెల్లగా కదిలినట్టుండేది. క్లచ్చు వదలడం అతనికి ఎప్పుడో వచ్చేసింది. రానట్టు నటించడమే రోజురోజుకీ కష్టమైపోతోంది.

ఒక సాయంత్రం కారు ఆపాక టీచర్ స్టీరింగు వైపు చూస్తూ అంది, "ఇక మీరు రానక్కర్లేదండీ. బడి మూసేస్తున్నాను."

"అదేంటి టీచర్!"

"అన్నయ్య వాళ్ళ ఊళ్ళో ఏదో ఆఫీసులో పని చూశాడు. ఎల్లుండి పొద్దున్నే బస్సు. కారు పాత ఇనుం వాళ్ళకి ఇచ్చేస్తా." నవ్వేసి, "మీరొక్కరే వస్తే బడి ఎలా నడుస్తుంది? పోనీ మీకైనా డ్రైవింగ్ వస్తుందా అంటే — రాదాయె!"

అతను దిగాడు. మేజోళ్ళు తడిగా ఉన్నాయి. కళ్ళు కూడా.

ఆ కోపంలోనో, ఆ దిగుల్లోనో, టీ కొట్టు దగ్గర మానేసినవాళ్ళంతా కూర్చుని ఉంటే వెళ్ళి వాళ్ళ ముందు నిలబడ్డాడు.

"ఈ రాత్రి నేను ఆ కారులో పడుకుంటా. పొద్దున నేను బాగానే ఉంటే, మీరంతా మళ్ళీ క్లాసులకి రావాలి."

కొట్టు మొత్తం ఘొల్లుమంది.

"ఎవరు, నువ్వా?" అన్నాడు గుమాస్తా. "నీ నీడ నిన్ను దాటితే దారిచ్చి నిలబడతావు కదరా!"

"వస్తారా, రారా?"

"బతికొస్తే వస్తాంలే. రాకపోతే నీ తొట్లు మేం చూసుకుంటాం."

అలా మాటైతే ఇచ్చాడు. కాళ్ళని ఒప్పించడమే మిగిలింది.

రాత్రి ఊరు సద్దుమణిగాక, చంకలో దుప్పటి, చేతిలో టార్చి పెట్టుకుని బయల్దేరాడు. నింగి నిండా చుక్కలు. మబ్బుతునక లేదు. సందు మొదట్లో వీధిదీపం ఒకటి వెలుగుతూ... ఆరుతూ... వెలుగుతూ... ఆ ఆరినప్పుడల్లా అతను ఆగిపోయి, వెలిగాక నడిచేవాడు. ధైర్యం కోసం ఎక్కాలు చదువుకున్నాడు. చిన్నప్పుడు రాని పదమూడో ఎక్కం ఆ రాత్రి తప్పులేకుండా వచ్చింది.

అప్పుడే ఎదురుగా సైకిలు. తొక్కేవాడి చొక్కా వెనక జెండాలా ఎగురుతోంది. పక్కనుంచి దూసుకుపోతూ గుసగుసగా ఒకటే మాట —

"వెళ్ళకు... తడుతోంది!"

తొట్లబ్బాయి ఎక్కం మధ్యలోనే ఆపేశాడు. వెనక్కి తిరిగాడు. రెండడుగులు వేశాడు కూడా.

ఎల్లుండి పొద్దున్నే బస్సు — గుర్తొచ్చింది.

మళ్ళీ ముందుకి తిరిగాడు.

ఖాళీజాగా అంచుకి వచ్చేసరికి నీళ్ళ చప్పుడు. జలజల... జలజల... తల పైకెత్తి చూశాడు. చుక్కలే. చెయ్యి చాపాడు. ఒక్క చినుకు లేదు. టార్చి ముందుకి వేశాడు...

వాన కురుస్తోంది.

ఒక్క కారు మీదే కురుస్తోంది.

చుట్టూ నేల పొడిగా ఉంది. మనిషన్నవాడు లేడు. ఫ్యాక్టరీ గోడమీద చీకట్లోంచి నీళ్ళు వచ్చి, కారు నెత్తిన పడి, వెనక అద్దం మీదుగా జారిపోతున్నాయి. వెలిసిన ఆ నీలం రంగు తడిసి, చుక్కల వెలుగులో మెరిసిపోతోంది. అంత భయంలోనూ అతనికి — ఎంత బాగుందో! — అనిపించింది. అనిపించిన మరుక్షణం...

టక్.

అతను దుప్పటిని గట్టిగా పట్టుకున్నాడు.

టక్... టక్... టక్టక్టక్!

లోపల్నుంచే. టార్చి వెలుగు వెనక అద్దం మీదికి పాకింది. అద్దం వెనక కింది మూలన... ఒక మొహం. తెల్లగా, సున్నం కొట్టినట్టు. కళ్ళు మాత్రం నల్లగా. నుదుటి మీద నుంచి నీటి చార. జుట్టుని ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టు తల ఒక పక్కకి వాలిపోయి ఉంది.

"తలుపు... తియ్యండి..." సన్నగా, వణుకుతూ వచ్చింది గొంతు. "చలేస్తోంది..."

దుప్పటి తన నెత్తిమీదికి ఎప్పుడు వచ్చిందో అతనికి తెలీదు. పరిగెడదామంటే కాళ్ళు భూమిలో నాటుకుపోయాయి. నిలబడే ఆలోచించాడు. ఇక్కడే చచ్చిపోతే, బస్సెక్కే ముందు టీచర్ ఒక్క కన్నీటిచుక్కైనా రాలుస్తుందా? ఆలోచిస్తే... రాల్చకపోవచ్చు అనిపించింది. క్లచ్చు రానివాడి కోసం ఎవరేడుస్తారు? ఆ బాధ ముందు దెయ్యం చిన్నదైపోయింది.

పలక్కూడదని తెలుసు. అయినా పలికాడు.

"ఎ... ఎవరండీ?"

లోపల తట్టడం ఆగింది. తర్వాత —

"ఎవరేంటండీ! ముందు లోపలికొచ్చి సీటు వెనక కొక్కెం పైకి లాగండి! మెల్లగా... మెల్లగా... జడ ఇరుక్కుంది!"

ఆ "మెల్లగా" ప్రపంచంలో ఒక్కళ్ళదే.

"టీచర్?!"

"కాదు, ఐసు దెయ్యాన్ని! రండి త్వరగా, మెడ పట్టేస్తోంది!"

ముందు తలుపు తీసుకుని, దుప్పటితో సహా లోపల పడ్డాడు. వెనక సీటు ఒరిగే భాగం లేచి నిలబడి ఉంది. దాని కొక్కేనికీ ఇనుప ముక్కకీ మధ్య టీచర్ జడ, చివరి రిబ్బనుతో సహా. లాగాడు. క్లిక్కుమంది. డిక్కీలో ముడుచుకుని పడుకున్న టీచర్ లేచి కూర్చుని మెడ రుద్దుకుంది. మొహమంతా పౌడరు. ఒళ్ళంతా అదే వాసన.

"ఇంతసేపట్నుంచీ తడుతున్నా. ఒక్కరు ఆగరే! ఒకాయనైతే సైకిల్ని గాల్లో తోలాడు."

"ఇక్కడ తడితే ఎవరాగుతారు టీచర్..."

"మీరాగారుగా." ఆమె అతని నెత్తిమీది దుప్పటి చూసి ఇక ఆపుకోలేకపోయింది. పడీ పడీ నవ్వింది. "పెళ్ళికూతురిలా ఉన్నారు!"

అసలు సంగతి నవ్వుల మధ్య బయటికొచ్చింది. కారుని ఇనుం వాళ్ళకిచ్చే ముందు, ఆ నీళ్ళెక్కణ్ణుంచి వస్తున్నాయో ఒక్కసారి తేల్చుకుందామని టీచర్ పంతం. వెనక కుళాయికి నీళ్ళొచ్చేది రాత్రిపూటే. అందుకే ఆ వేళ. తలుపుల అంచులకీ దీపాల చుట్టూ లోపలివైపు పౌడరు చల్లితే, నీళ్ళు దూరిన చోట చార పడుతుంది. తను లోపల టార్చి పట్టుకుని పడుకుంటుంది, అత్తయ్య బయట పైపుతో నీళ్ళు పోస్తుంది. ముందు కింద, తర్వాత పైన, ఒక్కో చోటే. ఒకసారి తడితే పొయ్యాలి, గబగబా తడితే ఆపాలి.

"మరి అత్తయ్య గారేరీ?"

"పాలు పొయ్యి మీద పెట్టొచ్చానని గుర్తొచ్చిందట. పైపు ఫ్యాక్టరీ గోడకున్న కిటికీ చువ్వలకి తగిలించి పరిగెత్తింది. నేను ఈ మూలకి జరుగుతుంటే సీటు లేచి జడ పట్టేసుకుంది. టార్చి జారి ఎటో పోయింది." అంతలోనే ఆమె గొంతు మారిపోయింది. "కానీ దొరికిందండీ! చూడండి, చూడండి!"

అతని టార్చి లాక్కుని వెనక ఎర్రదీపం లోపలి భాగం మీద వేసింది. పౌడరు మీద సన్నటి చార. దాని చివర ఒక చుక్క ఊగి... ఊగి... టప్.

"ఇదే చుక్క నా నుదుటి మీద పడుతూనే ఉంది ఇందాకట్నుంచీ. కదల్లేను, తుడుచుకోలేను."

తొట్లబ్బాయి వంగి చూశాడు. దీపం వెనక రబ్బరు ఎండిపోయి, పాత రస్కులా పొడిపొడిగా రాలుతోంది. నీళ్ళు అక్కడ దూరి, కారు అడుగున పరిచిన పరుపు కిందనుంచి ముందుకి పాకుతున్నాయి. జాగా వాలు వీధివైపుకి కదా, కారు ఎప్పుడూ ముక్కు కిందికి పెట్టి నిలబడుతుంది. తడి ముందు కనిపించింది కాబట్టి అందరూ ముందే వెతికారు. వెనక చూసినవాళ్ళు లేరు.

డిక్కీలో చాప ఎత్తారు. స్టెప్నీ ఉండే గుంట నిండా నీళ్ళు! ఒక ఎండుటాకు పడవలా తిరుగుతోంది. అతను కారుని ఒక్కసారి కుదిపాడు.

గళ్... గళగళ...

"ఇన్నాళ్ళూ ఏడ్చింది ఇదా!"

"గుమాస్తా గారికి చెప్పకండి," అంది టీచర్, "ఇంత చిన్న గుంటకి పారిపోయానని తెలిస్తే పాపం తట్టుకోలేరు."

ఆ వేళకి అత్తయ్య వచ్చింది. కారులో తెల్లమొహమొకటి, దుప్పటి ముసుగు ఇంకొకటి కనిపించేసరికి కుళాయి దగ్గరి బకెట్టు ఎత్తింది.

"ఎవడ్రా అది!"

"నేనే అత్తయ్య గారూ... తొట్లవాణ్ణి!"

"ఓ, నువ్వా." బకెట్టు దించింది. తర్వాత తాపీగా, "డ్రైవింగ్ రాదంటావు కదూ. మొన్న నీళ్ళ తొట్టి వ్యానులో పెట్టుకుని, చుక్క తొణక్కుండా మలుపు తిప్పుకు పోయావు. నేను చూళ్ళేదనుకున్నావా?"

టీచర్ అతని వైపు చూసింది. చీకట్లో కూడా అతని చెవులు ఎర్రబడ్డట్టు తెలిసిపోయింది. ఆమె మొహాన పౌడరు తుడుచుకుంటూ పక్కకి తిరిగి నవ్వుకుంది.

తెల్లారగానే అతను అద్దాల కొట్టు నుంచి రబ్బరు షీటు, గాజు గమ్ము తెచ్చాడు. దీపం ఊడదీసి, పాత రబ్బరంతా గోకి, గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, కొత్త రబ్బరు కత్తిరించి కూర్చోబెట్టాడు. చుట్టూ గమ్ము ఒకే గీతలా లాగాడు.

"ఇలాంటి పని మీకు అలవాటేనా?" అంది టీచర్.

"నాకు నీళ్ళని లోపల ఉంచడమే తెలుసండీ. బయట ఉంచడం కూడా ఆ పనే అనుకుంటా."

గుంట అడుగున బిరడా తీస్తే, దెయ్యం ఏడుపంతా నేలమీదికి పారి ఇంకిపోయింది. పరుపులు గోడమీద ఎండేశారు. అత్తయ్య అద్దాల మీది వేళ్ళ గుర్తులన్నీ తనవేనని ఒప్పుకుంది. ఆవిరి పట్టినప్పుడల్లా చేత్తో తుడిచేదట.

గమ్ము గట్టిపడటానికి రాత్రి దాకా ముట్టుకోకూడదు. బస్సు మర్నాడు పొద్దున. టీచర్ పెట్టె సర్ది గుమ్మం దగ్గర పెట్టింది.

"నీళ్ళు పోసి చూద్దాం," అంది. "ఒక్క చుక్క కూడా పడకపోతే పెట్టె లోపలికి పోతుంది. పడిందా — బస్సే. మళ్ళీ మళ్ళీ ఆశ పెట్టుకునే ఓపిక లేదండీ నాకు."

ఆ రాత్రి కుళాయి వచ్చింది. తొట్లబ్బాయి బతికే ఉన్నాడని తెలిసి మానేసినవాళ్ళు కూడా వచ్చారు కానీ, జాగా పక్కనున్న పొట్టి గోడ దాటి ఇవతలికి రాలేదు. తలకాయలు మాత్రం దాని మీద వరసగా పెట్టారు.

"లోపల ఎవరు పడుకుంటారు?" అంది అత్తయ్య పైపు పట్టుకుని.

"నేను," అన్నాడు తొట్లబ్బాయి. "అతికించింది నేనే కదా."

డిక్కీలో ముడుచుకున్నాడు. కింద పాత పేపర్లు పరిచారు, చుక్క పడితే తెలియడానికి. తలుపు దించారు. ఢబ్.

కటికచీకటి. పౌడరు వాసన. నెత్తిమీద నీళ్ళ హోరు, లోకమంతా మునిగిపోతున్నట్టు. టార్చి వేసి ఎర్రదీపం వెనక్కి చూశాడు.

పౌడరు తెల్లగా, పొడిగా ఉంది.

బయట పైపు నీళ్ళ చప్పుడు కింద నుంచి పైకి జరుగుతోంది. దీపం మీద... అద్దం మీద... నెత్తిమీద... చార లేదు. ఎక్కడా లేదు. అతను చూస్తూనే ఉన్నాడు. పెట్టె లోపలికి పోతుంది. పొద్దున్నే టీచర్ పక్కసీట్లో కూర్చుంటుంది. చెట్లు మెల్లగా కదులుతాయి...

టప్.

పేపరు మీద.

టార్చి తిప్పాడు. పేపరు మీద గుండ్రంగా తడి. దీపం వైపు చూశాడు — పొడి. పైకప్పు తడిమాడు — పొడి. మరెక్కణ్ణుంచి?

టప్... టప్.

"పడుతోందా?" బయట నుంచి టీచర్ గొంతు. ఆ గొంతులో ఇంత భయం అతను ఎప్పుడూ వినలేదు. దెయ్యం కథలప్పుడు కూడా.

అతను దీపం అంచంతా మళ్ళీ వేలితో తడిమాడు.

టక్ టక్ టక్. ఆమె తలుపు తడుతోంది. "చెప్పండీ! పడుతోందా, లేదా?"

వేలితో ఆ తడిని అద్ది, నాలుక మీద పెట్టుకున్నాడు.

ఉప్పగా ఉంది.

"పడుతోంది టీచర్..." అన్నాడు బొంగురుగా. "కానీ కారుది కాదండీ. నాది."